మహారాజశ్రీ కాకెంగిలి గారికి

ఉభయకుశలోపరి.

తమరు ఏ బడి ప్రహరీ వెనకో, కనుమనాటి జగ్గన్నతోట తీర్థంలో ఏ జీళ్ళ బండి పక్కనో క్షేమంగానే ఉన్నారనుకుంటాం. తమరి మీద కొన్ని ఫిర్యాదులున్నాయండి. పెద్దవారు, మొహం మీద అనలేక ఉత్తరం ముక్క రాస్తున్నాం.

మొదటిది శుభ్రత. చొక్కా అంచు చుట్టి కొరికితే ఎంగిలి అంటదని తరాల తరబడి పిల్లల్ని నమ్మించారు. నూలు గుడ్డ తడి పీల్చుకుంటుంది. ఉమ్ము ఒక పొర దాటడానికి ఆట్టే సేపు పట్టదు. గవదబిళ్ళలొచ్చిన పిల్లాడు ఎంత శ్రద్ధగా చుట్టి కొరికినా పక్కవాడి బుగ్గా వాచొచ్చు. టెరికాట్ అయితే తడి అంతగా పీల్చదు గానీ పంటి కింద జారిపోతుంది. పైగా ఆ అంచుతోనే పొద్దుట్నుంచీ చెమట తుడిచారు, పలక తుడిచారు. ముక్కు సంగతి ఎత్తం లెండి.

పోనీ పద్ధతైనా సరిగ్గా నేర్పారా? జీడికి గుడ్డ ఒక్క పొరే ఉండాలి, ముడత పడకూడదు. ముడత పడితే బెల్లం పాకం మడతలో అతుక్కుని, ముక్కకి నూలు పీచు మీసాలొస్తాయి. వేరుశనగ అచ్చు దవడపంటి కింద పెట్టాలి. ముందు పళ్ళతో కొరికితే రెండు ముక్కలు కాదు, అయిదవుతాయి. సగం దగ్గర బొటనవేలి గోరు గుర్తుగా ఆనించి, ఒక్క నొక్కుతో విరవాలి. గుడ్డ విప్పేది కొరికినవాడు, ముక్క ఏరుకునేది రెండోవాడు. తమరి రాజ్యాంగంలో పనికొచ్చే అధికరణం ఇదొక్కటే. తనకి చిన్న ముక్కే మిగులుతుందని తెలిస్తే పన్ను దానంతటదే సగం దగ్గర ఆగుతుంది. గుడ్డలో మిగిలిన పొడి ఎవరిదో మాత్రం తేల్చలేదు. మన వైపు ‘నీ జట్టు పచ్చి’ అని మొహాలు తిప్పుకున్నవాళ్ళలో చాలామంది ఆ పొడి దగ్గర విడిపోయినవాళ్ళేనండి.

తమరు చెల్లని సరుకులూ బోలెడు. ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపొచ్చింది. చొక్కా చుట్టి కొరికితే రేకంతా పొట్టయి, ఆ గుర్తింపు జేబులోకి రాలుతుంది. తాపేశ్వరం మడత కాజా పాకం సగం గుడ్డే తాగేస్తుంది. పచ్చి మామిడికాయకి తమరికన్నా తలుపు సందు నయం. తొడిమ తుంచి, సొన కారనిచ్చి, నేలకి రాసి, కీలు పక్కన పెట్టి తలుపు మూస్తే చాలు, కాయ పగులుతుంది. సొన పోకముందే పెదవి ఆనించినవాడికి మాత్రం నాలుగు రోజులు మూతి మంట. టెంక ముదిరితే కాయ పగలదు, కీలు ఊడుతుంది.

చెరుకు దగ్గర లెక్క కూడా మోసం చేస్తుంది. కణుపులు లెక్కపెట్టి చెరిసగం విరిస్తే న్యాయమనుకుంటారు. మొదలు తీపి, కొస చప్పన. కొస తీసుకున్నవాడికి ఓ కణుపు ఎక్కువివ్వాలి, లేదా కణుపు కణుపుకీ వంతులు వేసుకోవాలి. తేగ మరీ చిత్రం: కాల్చి చీలిస్తే చక్కగా రెండు బద్దలు, నడుమ చందమామ అనే లేత మొలక ఒక్కటే. బద్దలు పంచడానికి స్నేహం అక్కర్లేదు, చెయ్యి ఉంటే చాలు. చందమామ ఎవరి నోట్లోకి పోయిందో చూసి ఆ ఇద్దరి సంగతీ చెప్పెయ్యొచ్చు.

ఇక ముంజెకాయ. కళ్ళు మూడు, పిల్లలు ఇద్దరు. మూడో ముంజె కోస్తే నీళ్ళు మట్టిపాలు, గుడ్డలో పెడితే గుడ్డపాలు, మరక సబ్బుకీ లొంగదు. కాబట్టి కాయలు సరి సంఖ్యలో చెక్కించుకోవాలి: ఈ కాయలో మూడోది వీడికి, వచ్చే కాయలో వాడికి. ముగ్గురు చేరితే ముంజె గొడవ తీరుతుంది, బెల్లం ముక్క గొడవ మొదలవుతుంది. ‘ఒకడు విరిచి ఇంకొకడు ఏరుకునే’ సూత్రం ముగ్గురికి ఎలా సర్దాలా అని స్టైన్‌హాస్ అనే పోలెండు గణితవేత్త 1940లలో బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. మన పిల్లలు ‘మూడోవాడికి పొడి’ అని తేల్చేశారు, అది అన్యాయమని తెలిసే.

ఇంత తిట్టినా ఒక్క విషయంలో తమరికి దణ్ణం పెట్టక తప్పదండి. ఎవరింట మంచినీళ్ళు తాగొచ్చో, హోటల్లో ఎవరి గ్లాసు విడిగా బోర్లించాలో పెద్దలు తేల్చిపెట్టిన ఊళ్ళివి. అలాంటి చోట పేట పిల్లాడూ అగ్రహారం పిల్లాడూ కాలవ గట్టు మీద ఒకే జీడి తిన్నారు. ‘ఎవరెంగిలి తిన్నావురా?’ అని ఇంట్లో నిలదీస్తే, ‘ఎంగిలి కాదే అమ్మా, కాకెంగిలి!’ ఆ గుడ్డ దేనికీ అడ్డం కాదని అమ్మకీ తెలుసు, కొడుక్కీ తెలుసు. సూక్ష్మజీవి ఒక్కదాన్ని ఆపలేని గుడ్డ ఆ ప్రశ్నని మాత్రం గడపలోనే ఆపేసింది.

మరి ఏడో తరగతి దాటేసరికి ఎందుకండీ తమరు చెప్పాపెట్టకుండా జారుకుంటారు? సరిగ్గా ఆ వయసులోనేగా ఎవరి వీధి ఎవరిదో, ఎవరి ఇంటిపేరు ఏమిటో పిల్లలకి ఎక్కించేది! తమరు లేచిపోయిన చోట అయిదు రూపాయల చిప్స్ పాకెట్ వచ్చి కూర్చుంది. ఎవడిది వాడే చింపుకుంటాడు, ఎవడి గాలి వాడే పీలుస్తాడు. ఆగస్టు మొదటి ఆదివారం మాత్రం స్నేహితుల దినమని ఫ్యాన్సీ షాపులో కొన్న రంగుల బ్యాండు చేతికి కట్టుకుంటారు.

కాబట్టి తమరి పదవీకాలం పదో తరగతి ఆఖరి పరీక్ష రోజు దాకా పొడిగించాలనీ, గుడ్డలో పొడి విషయమై వెంటనే ఉత్తర్వులివ్వాలనీ మనవి.

ఇట్లు,
చొక్కా అంచుల మీద బెల్లం మరకలు ఉతకలేక
గోదావరి జిల్లాల అమ్మలు, అమ్మమ్మలు