మానవ మెదడు తరఫున ఒక చేపపై అభ్యంతరం

మానవ మెదడు పరువుమర్యాదల విషయంలో నాకు కొంచెం పట్టింపు ఎక్కువ. సుమారు 8,600 కోట్ల నాడీకణాలతో తర్కశాస్త్రాన్నీ ఆదాయపు పన్నునూ సృష్టించగలిగిన ఆ మహా అవయవం, తనకు జబ్బు చేసినప్పుడు, తన పుట్టుపూర్వోత్తరాలు తనకే తెలియక, సాక్ష్యం చెప్పమని ఎవరిని పిలుస్తున్నదో చూస్తే తలెత్తుకోలేకపోతున్నాను. ఆ సాక్షి చిటికెన వేలంత పొడుగైనా లేని, ఒంటి పొడవునా నీలిచారలున్న జీబ్రాచేప. పిండంలో నాడీవ్యవస్థ ఎలా అల్లుకుంటుందో, మూర్ఛ ఎందుకు వస్తుందో ఈ చేపనడిగి రాసుకునే ప్రయోగశాలలు ప్రపంచమంతటా ఉన్నాయి. కనుక ఆ సాక్షి యోగ్యతపై నా అభ్యంతరాలను సవినయంగా దాఖలు చేస్తున్నాను.

మొదటిది వంశానికి సంబంధించినది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను వర్ణిస్తూ దీన్ని శాస్త్రగ్రంథానికెక్కించే నాటికి, ఇది వరిపొలాల పక్క నిలవనీళ్లలో, పిల్లకాలువల్లో తిరిగే అనామకురాలు. తర్వాత ఒంటి చారల పుణ్యమా అని అద్దాల తొట్టెల్లోకి చేరింది. అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ అనే జన్యుశాస్త్రవేత్త, అంతకుముందు బాక్టీరియాలకు సోకే వైరస్‌ల మీద పనిచేసి పేరు తెచ్చుకున్న మనిషి, చేపలు పెంచే సరదా కూడా ఉన్నవాడు, దీన్ని చేరదీశాడు. వీర్యకణాల్లోని జన్యుపదార్థాన్ని అతినీలలోహిత కిరణాలతో పనికిరాకుండా చేసి, వాటిని గుడ్డును నిద్రలేపడానికి మాత్రమే వాడుకొని, తల్లి జన్యువులనే రెట్టింపు చేయించి, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే చేపలను పుట్టించానని 1981లో నేచర్ పత్రికలో ప్రకటించాడు. సాక్షి బోనెక్కితే తండ్రి పేరు చెప్పించడం న్యాయస్థానాల్లో రివాజు. ఇక్కడ ఆ గడి ఖాళీ.

రెండో అభ్యంతరం సిగ్గుకు సంబంధించినది. రాత్రంతా ఆడచేపకూ మగచేపకూ మధ్య ఒక ప్లాస్టిక్ అడ్డుపలక ఉంటుంది. ఉదయం దీపాలు వెలిగాక ఆ పలక తీస్తే, కాసేపటికి గుడ్లు తొట్టెలోని జల్లెడ కన్నాల్లోంచి అడుగుకు రాలిపోతాయి. ఆ జల్లెడే లేకపోతే కన్నవాళ్లే తినేస్తారు. మిల్లీమీటరు పాటి ఆ గుడ్లను, ఎంత గొప్ప ప్రయోగశాలలోనైనా సరే, చాలామంది టీ వడపోసుకునే జాలీతోనే ఏరుకుంటారు. పిండం గాజుబిందువులా ఉంటుంది. వెన్నుపాము తయారవడం, నాడీకణం తన తంతువును తడుముకుంటూ కండరం దాకా చాచడం, అంతా బయటికే కనిపిస్తుంది. 17వ గంట దాటేసరికి పెంకులోనే తోక అటూ ఇటూ మెలితిరుగుతుంది. ఆ కదలికను మెదడు ప్రమేయం లేకుండా వెన్నుపాము ఒక్కటే నడిపిస్తుందని తేల్చారు. (ఇటువంటి కదలికను నేను కొన్ని ఉన్నతస్థాయి సమావేశాల్లో కూడా గమనించాను, కానీ అది వేరే విషయం.) 24 గంటలకల్లా తల, కళ్లు, తోక ఏవో ఎవరైనా గుర్తుపట్టగలరు. మనమైతే మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాడీనాళాన్ని గర్భంలో నాలుగో వారానికే, చాలాసార్లు తల్లికి కూడా సంగతి తెలియకముందే, చీకట్లో గుట్టుగా మూసేసుకుంటాం. పరువంటే అది. ఒక్కోసారి ఆ నాళం సరిగా మూసుకోక బిడ్డ జీవితాంతం కష్టపడవలసి వస్తుందన్నది నిజమే కాని, గుట్టుకు ఆమాత్రం ఖరీదు ఉండదా?

చుట్టరికం సంగతి ఇంకా ఘోరం. 2013లో ఈ చేప జన్యుపటం పూర్తిగా చదివినవారు, మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి దీనిలో సాటిజన్యువులున్నాయని తేల్చారు. పైగా దీని పూర్వీకుల్లో జన్యువులన్నీ ఒకసారి రెట్టింపయ్యాయి కనుక, మనకు ఒక్కటున్న చోట చాలాసార్లు దీనికి రెండున్నాయి. పేదచుట్టం అనుకొని పలకరిస్తే ఆస్తి మనకంటే ఎక్కువ తేలినట్టయింది. అదే ఏడాది అమెరికాలోని జనీలియా పరిశోధనాకేంద్రంలో మీషా ఆరెన్స్, ఫిలిప్ కెల్లర్ పలుచటి కాంతిరేకుతో బతికున్న చేపపిల్ల మెదడంతటినీ గాలించి, అందులోని దాదాపు లక్ష నాడీకణాల్లో 80 శాతానికి పైగా ఏవి ఎప్పుడు పనిచేస్తూ మెరుస్తున్నాయో విడివిడిగా చూపించారు. నా మెదడులో ఏం జరుగుతున్నదో నాకు ఈ వాక్యం పూర్తయ్యేదాకా తెలియదు.

ఇక్కడ నా వాదం కొంత బలహీనపడుతున్నదని పాఠకులు గ్రహించే ఉంటారు. సాక్షి అబద్ధం చెప్పడం లేదు. కండరం మీద నాడీసంకేతాన్ని అందుకునే గ్రాహకం లేక, ముట్టుకున్నా కదలని చేపకు పరిశోధకులు ‘సోఫా పొటేటో’ అని పేరు పెట్టారు; ఒక్కసారి ఉలిక్కిపడి ఆపైన నీరసించిపోయే ఇంకొకదానికి ‘ట్విచ్ వన్స్’ అన్నారు. మొదటి పేరు సోఫాలో కూర్చునే మావంటివారికి అవమానకరం. రెండోదానిలో చెడిన జన్యువే మనుషుల్లో పుట్టుకతో వచ్చే ఒక కండరాల బలహీనతకూ కారణం. నరాల చుట్టూ మైలిన్ అనే కొవ్వుపొర చుట్టుకోవడానికి ఒక జన్యువు తప్పనిసరి అని 2009లో ఈ చేపే చూపింది. అదే జన్యువు చెడిన మానవశిశువులు కీళ్లు బిగుసుకుపోయి పుడతారని తర్వాత తేలింది. పసివయసులో మొదలై మందులకు లొంగని ద్రావే సిండ్రోమ్ అనే మూర్ఛకు కారణమైన జన్యువు చెడిన చేపపిల్లల మీద స్కాట్ బారబాన్ బృందం 320 మందులు పరీక్షిస్తే, ఎప్పుడో అలెర్జీకి వాడిన క్లెమిజోల్ వాటి మూర్ఛను ఆపింది. ఆ దారిన మనుషులపై పరీక్షల దాకా వెళ్లారు.

అందువల్ల నా అభ్యంతరాన్ని సాక్షి మీది నుంచి, దాన్ని బోనెక్కించే పరిశోధకులనే వకీళ్ల మీదికి మారుస్తున్నాను. మార్ఫొలినో అనే కృత్రిమ అణువును పిండంలోకి ఎక్కించి ఫలానా జన్యువు నోరు నొక్కడం చాలాకాలం వాడుకగా సాగింది. వ్యాసాలు కుప్పలుగా వచ్చాయి. 2015లో అసలు జన్యువునే తెగ్గొట్టిన చేపలతో పోల్చి చూస్తే, మార్ఫొలినోతో కనిపించిన లోపాల్లో చాలావాటికి జాడే లేదు. కొన్నిచోట్ల ఆ అణువే పిండానికి చేటు చేసింది. మరికొన్నిచోట్ల చేప, తెగిన జన్యువు పనిని వేరే జన్యువులకు అప్పగించి సర్దుకుపోయింది. అంటే మనం విన్నదాంట్లో కొంత నూరిపోసిన సాక్ష్యమన్నమాట.

మనోవ్యాధుల విషయంలో వకీళ్ల ధైర్యం మరింత మెచ్చుకోదగినది. చేపను కొత్త తొట్టెలో వేస్తే మొదట అడుగున నక్కి, తర్వాత మెల్లగా పైకి వస్తుంది. అడుగున ఎన్ని నిమిషాలున్నదో కొలిచి దానికి ‘ఆందోళన’ అని పేరు పెడతారు. మందు వేసినప్పుడు తొందరగా పైకి వస్తే, మర్నాటి శీర్షికల్లో మానవజాతి ఆందోళనకు విరుగుడు దొరికినట్టే. గోరంతను కొండంత చేయడం మనకు కొత్త కాదు. చేప గోరును తెచ్చి మనిషి కొండ చేయడమే కొత్త. ఆ చేపకు మనకున్నట్టు ఆరు పొరల వల్కలం, అంటే మెదడు పైభాగపు తొడుగే లేదు. కొత్త ఇంట్లో దిగిన మొదటి రాత్రి నేనూ గోడవారనే పడుకుంటాను. దానికింతవరకు ఎవరూ మందు వేయలేదు.

వెన్నుపాము తెగితే ఈ చేప కొన్ని వారాల్లో తిరిగి అతికించుకొని ఈదడం గురించి నేను మాట్లాడదలచుకోలేదు. అది నిండుసభలో ఆస్తులు ప్రదర్శించుకోవడం కిందికి వస్తుంది.

ఈ అభ్యంతరపత్రాన్ని సాక్షికి స్వయంగా అందజేయడం ధర్మమని, ఒక పరిశోధకురాలి అనుమతితో సూక్ష్మదర్శినిలోకి వంగాను. గాజుపళ్లెంలో ఐదు రోజుల పిల్ల, రెండు నల్లటి కళ్లు, వాటి మధ్య తేటగా మెదడు. ఆమె కనురెప్ప వెంట్రుక అంటించిన పుల్లతో దాన్ని అలా తాకింది. చేపపిల్ల వెనుకమెదడులో, పారిపొమ్మని ఒంటికి చెప్పే మౌత్నర్ కణాలనే నాడీకణాల జంటలో ఒకటి ఆజ్ఞ ఇవ్వగా, సెకనులో వందోవంతు పాటి కాలంలో ఒళ్లు విల్లులా వంచి పళ్లెం అంచుకు వెళ్లిపోయింది. నా 8,600 కోట్లు ఇంకా ఏమనాలో ఆలోచిస్తూనే ఉన్నాయి.