ఇది మందా, బంగారమా?

మూడున్నర గ్రాములు. యాభై డాలర్లు! ఎండు గంజాయి పువ్వుకి!

న్యూజెర్సీలో మా పక్కింటి బాబాయిగారికి కీమో వాంతులు. వాటికి గంజాయి మందుగా వాడొచ్చని డాక్టర్ సర్టిఫై చేశారని, నిన్న గంజాయి అమ్మే షాపుకి, అదే డిస్పెన్సరీకి, తీసుకెళ్లాను. పేరుకే మందు. ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. క్రెడిట్ కార్డు చెల్లదు. మూలన ఏటీఎం మాత్రం ఉంది, దానికి మళ్లీ ఫీజు. ఏం ఏర్పాటండీ!

2022 జులై నుంచి ఇక్కడ పేషెంట్లు కొనే గంజాయికి సేల్స్ ట్యాక్స్ ఎత్తేశారు కదా, మరి ఇంత రేటేంటని అడిగాను. కౌంటర్ కుర్రాడు '280ఈ' అన్నాడు. నిజమే, అది 1982 నాటి ఫెడరల్ పన్ను రూలు. డ్రగ్స్ అమ్మేవాళ్ల కోసం పెట్టారు. దాని కింద ఈ షాపులు ఏళ్ల తరబడి సరుకు కొన్న ఖర్చు తప్ప అద్దె, జీతాలు లెక్కలో చూపించుకోలేకపోయాయి. పన్ను వాచిపోయేది. ఒప్పుకుంటా.

మరి ఆ పాలరాతి కౌంటరూ, తోలు సోఫాలూ ఎవరి డబ్బు? వాంతులు చేసుకునేవాడికి షాండ్లియర్ ఎందుకు? పైగా బిల్లు కట్టేటప్పుడు టిప్పు డబ్బా! మందుల షాపులో టిప్పేంటి?

బాబాయిగారు రెండు డబ్బాలు అనుకుని వచ్చారు. పర్సు చూసుకుని, "ఒకటి చాల్లేరా" అన్నారు.