బావగారి రెసిస్టెన్సు గీత

గాజువాక బావగారికి ఒక కంటైనరు రొయ్యల తాలూకు లక్ష డాలర్లు వచ్చే నెలాఖరుకి రావాలి. ఈలోగా డాలరు పడితే లాభం ఐసుతో పాటు కరిగిపోతుంది. అందుకని ఎన్‌ఎస్‌ఈలో డాలరు-రూపాయి ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ఇవాళే రేటు ఖాయం చేసుకునే కాంట్రాక్టులు) ముందే అమ్మి పెట్టుకుందామనుకున్నారు. లాటుకి 1,000 డాలర్లు, మొత్తం 100 లాట్లు. నిజంగా డాలర్లు రావలసిన మనిషి కాబట్టి ఆర్‌బీఐ నిబంధనతోనూ పేచీ లేదు. పేచీ అంతా ఏ రేటుకి అమ్మాలన్న దగ్గరే.

"రెసిస్టెన్సు దగ్గర అమ్మాల" అని ఎవరో చెప్పారు. అంటే ఎక్కే రేటు ఆగి వెనక్కి తిరిగే చోట. చార్టు తెరిస్తే రేటు అలా మూడుసార్లు ఎక్కి తిరిగొచ్చిన చోటు కనిపించింది: 85.50. గీత గీసే బటను మాత్రం కనిపించలేదు. అక్కయ్య కుట్టుమిషను సొరుగులోంచి స్కేలు తీసి, పార్సిళ్ల మీద రాసే మార్కరుతో ల్యాప్‌టాప్ తెర మీదే గీసేశారు. నల్లగా, నిండుగా.

మర్నాడు 9 గంటలకి మార్కెట్ తెరిచేసరికి రేటు గీత పైన ఉంది. "బ్రేకౌటొచ్చీసిందిరా, రేటు గీత దాటీసింది!" అని బావమరిదికి ఫోను.

"ఏటి బావా ఇది, అద్దం మీద గీసీసేరు?" అన్నాడతను వచ్చి. "పాత క్యాండిలొకటి, అదే రేటు కదలిక చూపించే కడ్డీ, ఎడమ పక్కకి తప్పుకుంది. దాంతో చార్టు పక్కనున్న రేట్ల స్కేలు తనే సర్దుకుంది. మీ గీత ఉన్నచోట ఇప్పుడు 85.30."

అక్కయ్య శానిటైజరుతో తెర తుడుస్తుంటే అతను విషయం చెప్పాడు. ముందు రోజువారీ చార్టు, కనీసం ఆరు నెలలది చూడాలి. అయిదు నిమిషాల చార్టులో గీతలు మొదలెడితే ఫిషింగ్ హార్బర్‌లో ఆరేసిన వలలా తయారవుతుంది. రేటు రెండు మూడుసార్లు తిరిగిన చోట ఒక గీత కాదు, ఒక పట్టీ గుర్తించాలి: క్యాండిల్ ఒంటి (లావు భాగం) పైఅంచు నుంచి దాని వత్తి (సన్న గీత) కొస దాకా. "ఆర్కే బీచ్‌లో అల ఒకే చోట ఆగుద్దా బావా? తడిసిన ఇసుక ఎంత మేర ఉందో అదీ లెక్క." ఇక్కడైతే 85.45 నుంచి 85.55. రోజు ముగింపు దాని పైన పడితేనే దాటినట్టు. దాటాక ఆ పట్టీయే సపోర్టు (పడే రేటుని ఆపే చోటు) అవుతుంది, అదీ చాలాసార్లే, ప్రతిసారీ కాదు. పైగా రూపాయి చార్టులో ఆర్‌బీఐ ఒకటుంది. ప్రభుత్వ బ్యాంకుల ద్వారా డాలర్లు అమ్మాలనుకుంటే మన పట్టీని అడిగి అమ్మదు.

అంతా చెప్పాడు గానీ, చూస్తున్నది ఫ్యూచర్స్‌ది కాదు, స్పాట్ (ఇప్పటికిప్పుడు నడిచే డాలరు రేటు) చార్టని చెప్పడం మరిచిపోయి వెళ్లిపోయాడు.

బావగారు ఫ్యూచర్స్‌లో 85.50కి అమ్మకం పెట్టారు. రెప్పపాటులో అమ్ముడైపోయింది. ఇక్కడి వడ్డీ అమెరికా కంటే ఎక్కువ కాబట్టి వచ్చే నెల కాంట్రాక్టు స్పాట్ కంటే 15 పైసలు పైన నడుస్తోంది మరి. అసలు స్పాట్ 85.35 దగ్గరే ఉంది, పట్టీని తాకనే లేదు.

పైగా జాగ్రత్త కోసం 85.55కి స్టాప్‌లాస్ కూడా పెట్టారు, రేటు అక్కడికి ఎక్కితే తిరిగి కొనేసి నష్టాన్ని అక్కడితో ఆపే ఆర్డరు. ఈ మార్కెట్లో రేటు పావు పైస చొప్పున కదులుతుంది, 100 లాట్ల మీద పావు పైసంటే 250 రూపాయలు. మధ్యాహ్నానికి రేటు 85.55 తాకింది, 5,000 పోయాయి, అమ్మకమూ పోయింది. డాలరు పెరిగితే రొయ్యల డబ్బూ పెరుగుతుందిగా, ఆ 5,000 అక్కడ వచ్చేవే. హెడ్జికి (నష్టం రాకుండా పెట్టుకున్న కాపుకి) అంత దగ్గర స్టాప్‌లాసంటే, వాన రాలేదని గొడుగు అవతల పారేయడమే. ఆ వారంలోనే వాన వచ్చింది. డాలరు 40 పైసలు దిగింది. లక్ష డాలర్ల మీద 40,000.

"నీ పట్టీ పన్జెయ్యలేదురా" అన్నారు బావగారు.

"పట్టీ దాకా రేటెళ్లనేలేదు బావా!"

మార్కరు మరక మాత్రం పూర్తిగా పోలేదు. రాత్రి అదే ల్యాప్‌టాప్‌లో సీరియల్ చూసే అక్కయ్యకి హీరోయిన్ నుదుటి మీద రెసిస్టెన్సు కనిపిస్తోంది.