వాటా చిన్నదే, పట్టు పెద్దది

ఏ ఉత్పత్తి కంపెనీకీ 20 శాతానికి మించి వాటా లేదు కాబట్టి కరెంటు మార్కెట్లో పోటీకి ఢోకా లేదని వ్యాసంలో రాశారు. సబ్బుల వ్యాపారానికి ఆ లెక్క సరిపోవచ్చు, నిల్వ పెట్టుకోవడం కష్టమైన కరెంటుకు సరిపోదండీ. సాయంత్రం పీక్‌లో, అంటే వాడకం అత్యధికంగా ఉండే వేళలో, డిమాండు 50,000 మెగావాట్లు, అందుబాటులో ఉన్నది 54,000 అనుకోండి. అందులో ఒక కంపెనీవి 6,000. వాటా చూస్తే 11 శాతమే. కానీ అది తప్పుకుంటే మిగిలేది 48,000. ఆ గంటలో అది అడిగిందే రేటు.

మొత్తం తప్పుకోనక్కర్లేదు కూడా. ‘రిపేరు’ అని తన ప్లాంట్లలో ఒక్క యూనిట్‌ను (కరెంటు తయారుచేసే యంత్రాన్ని) ఆపితే ఖరీదైన ప్లాంటు రంగంలోకి దిగి, దాని రేటే అందరికీ వర్తిస్తుంది. ఆపినదాని నష్టం మిగతా యూనిట్ల మీద వచ్చే లాభంతో వడ్డీతో సహా తిరిగి వచ్చేస్తుంది. 2000–01 కాలిఫోర్నియా కరెంటు సంక్షోభంలో, కరెంటు వ్యాపారం చేసే ఎన్రాన్ కంపెనీ ట్రేడర్ ఒక ప్లాంటుకు ఫోన్ చేసి, ఏదో సాకు చూసి ఆపమని అడిగిన రికార్డింగులు తర్వాత బయటపడ్డాయి. అక్కడ పంపిణీ కంపెనీలు ఎక్కువగా రోజువారీ మార్కెట్లోనే కొనాల్సి రావడం, వినియోగదారుడి రేటేమో పెరగకుండా కట్టేయడం మంటకు ఆజ్యం పోశాయి. అక్కడి పంపిణీ కంపెనీ పీజీ అండ్ ఈ 2001 ఏప్రిల్లో దివాలా పిటిషన్ వేసింది.

నా ఉద్దేశంలో అసలు మందు దీర్ఘకాలిక ఒప్పందాలు. ముందే రేటు కుదుర్చుకుని అమ్మేసినవాడికి స్పాట్ ధర (రోజువారీ మార్కెట్ ధర) ఎగదోయడంలో లాభం తక్కువ. వ్యాసంలో వాటి ఊసే లేదెందుకో!