నినాదం లేని తిరుగుబాటు: లూయీ ఆంద్రీసెన్ సంగీతం

డచ్ స్వరకర్త లూయీ ఆంద్రీసెన్ మీద ఒక కథ బాగా చలామణీలో ఉంది. కుర్రతనంలో కచేరీలు అడ్డుకున్నాడు, నడివయసులో పేరొచ్చింది, ముసలితనంలో ఏ ఆర్కెస్ట్రాతో గొడవపడ్డాడో దానికే సంగీతం రాసిచ్చాడు. తిరుగుబాటుదారు రాజీపడిపోయాడని దాని సారాంశం. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, తప్పు. ఆయన అసలు తిరుగుబాటు ఆ కచేరీ రభసలో లేదు.

1969 నవంబర్ 17న ఆమ్‌స్టర్‌డామ్‌లో కండక్టర్ బెర్నార్డ్ హైటింక్ కచేరీ మొదలవగానే, ఆంద్రీసెన్, రైన్‌బర్ట్ డి లేయు, మిషా మెంగెల్‌బర్గ్ వగైరా కుర్రాళ్లు టిక్కుటిక్కుమనే ఆటబొమ్మలు నొక్కుతూ గోల చేశారు. కొత్త సంగీతాన్ని పట్టించుకోని, హైటింక్ నడిపే కన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రా బహిరంగ చర్చకు రావాలన్నది వాళ్ల డిమాండ్. వాళ్లను బయటికి పంపేశాక కచేరీ కొనసాగింది. పేపర్లకు మంచి వార్త, అంతే.

అసలు పని 1972లో మొదలైంది. సింఫనీ ఆర్కెస్ట్రాకు ఇక రాయనని తేల్చేసిన ఆంద్రీసెన్, జాజ్ వాయించేవాళ్లనూ క్లాసికల్ వాళ్లనూ కలిపి డి ఫోల్‌హార్డింగ్ అనే బృందం కట్టాడు. శాక్సోఫోన్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ఒక పియానో. ఏం వాయించాలో అందరూ కలిసి తేల్చుకునేవాళ్లు. రాజకీయ సంగీతం అనగానే మనకు పాటలో మాటలే గుర్తొస్తాయి. ఆంద్రీసెన్ దృష్టి మాత్రం ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు, ఎవరి సైగ కోసం ఎవరు ఎదురుచూస్తారు అన్న దాని మీద ఉంది.

1975లో రాసిన ‘వర్కర్స్ యూనియన్’ చూడండి. గట్టిగా మోగే ఏ వాద్యాలతోనైనా వాయించొచ్చు. లయ మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాసి ఉంటుంది. స్వరం ఏదో రాసి ఉండదు. ఒకే ఒక గీతకు పైన ఉందా కింద ఉందా అన్నంతవరకే సూచన. అంటే ఎవరి స్వరం వాళ్లిష్టం, కాలం మాత్రం అందరిదీ. పావుగంటకు పైగా అందరూ ఒక్క లయలో కొట్టుకుపోవాలి. ఒక్కడు జారితే హాలంతటికీ తెలిసిపోతుంది. ప్రతి ఒక్కరూ తన వంతు తప్పనిసరి అనుకుని వాయిస్తేనే ఇది నిలబడుతుందని, రాజకీయ కార్యాచరణ కూడా అంతేనని ఆయనే రాశాడు. ఇందులో నినాదం లేదు, జెండా లేదు. అయినా అది వాయించినవాడికి సమష్టి అంటే ఏమిటో ఒంటికి పడుతుంది, చెమటతో సహా.

1976లో పూర్తిచేసిన ‘డి స్టాట్’ (అంటే ‘రాజ్యం’) ఇంకో మెట్టు. నాలుగు ఓబోలు, నాలుగు హార్న్‌లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, నాలుగు వయోలాలు, రెండు హార్ప్‌లు, రెండు పియానోలు, ఎలక్ట్రిక్ గిటార్లు, నలుగురు గాయనులు. సింఫనీ ఆర్కెస్ట్రాలో ఉండే వయొలిన్ల దండు లేదు. పాడేది ప్లేటో ‘రిపబ్లిక్’లోంచి, ప్రాచీన గ్రీకులోనే: ఏ రాగపద్ధతులు ఉంచాలి, ఏవి నిషేధించాలి, సంగీతంలో కొత్త పోకడలు రాజ్యం కట్టుబాట్లనే కదిలిస్తాయి జాగ్రత్త అనే భాగాలు. ప్లేటో చెప్పింది నిజమైతే ఎంత బాగుండేది అని ఆంద్రీసెన్ వాపోయాడు! సంగీతానికి అంత బలం లేదని ఆయనకు తెలుసు. తెలిసీ రాశాడు.

ఏ కార్మికుడు విన్నాడు ఇదంతా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. సినీ దర్శకుడు పీటర్ గ్రీనవేతో కలిసి ఒపెరాలు చేశాడు, 2011లో స్వరకర్తలకిచ్చే పెద్ద బహుమతి గ్రావ్‌మెయర్ అవార్డు అందుకున్నాడు, 2013లో కన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాకే ‘మిస్టేరియన్’ రాశాడు. అయితే అప్పటికి డచ్ సంగీతంలో చిన్న బృందాలే ఒక ప్రత్యామ్నాయంగా నిలదొక్కుకున్నాయి. హేగ్ రాయల్ కన్సర్వేటరీలో ఆయన దగ్గర చదువుకోవడానికి దేశదేశాల నుంచి వచ్చారు. అలాంటివాడు పాత శత్రువు గుమ్మం తొక్కితే దాన్ని ఓటమి అనలేం.

ఆ బృందాలు గాలి మీద బతకలేదు. తనను తిట్టేవాళ్లకు కూడా డబ్బిచ్చిన రాజ్యం ఉంది కాబట్టి బతికాయి. నన్నడిగితే ఆంద్రీసెన్ కథలో అసలు చర్చించాల్సింది ఇదే. 2011లో డచ్ ప్రభుత్వం సాంస్కృతిక బడ్జెట్లో సుమారు 20 కోట్ల యూరోలు కోస్తామని ప్రకటించింది. కళ తన కాళ్ల మీద తాను నిలబడాలి, ప్రేక్షకులను తానే వెతుక్కోవాలి అన్నది వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ దెబ్బ పడేది ఎవరి మీద? ఎప్పటి నుంచో పాతుకుపోయిన పెద్ద ఆర్కెస్ట్రాకు టికెట్లు కొనేవాళ్లూ ఉంటారు, స్పాన్సర్లూ ఉంటారు. ‘డి స్టాట్’కు కావాల్సిన వాద్యాల జట్టు ఏ ఆర్కెస్ట్రాలోనూ రెడీగా ఉండదు. ప్రతిసారీ పనిగట్టుకుని కూర్చాలి, రిహార్సల్‌కు రోజులు కావాలి, వచ్చినవాళ్లకు జీతాలివ్వాలి. సుమారు అరగంట సాగే ఆ రచనకయ్యే ఖర్చు టికెట్లతో రాదు. 1976లోనూ రాలేదు.