ఇల్లు వదిలేసి బడికి అంకితమైన మనిషి కాదు మా పెదనాన్న

మా పెదనాన్న సంస్మరణ సభలో మాట్లాడిన వాళ్లంతా ఇంచుమించు ఒకటే మాట అన్నారు: "ఇల్లూ వాకిలీ పట్టించుకోకుండా బడికే జీవితం ధారపోసిన మహానుభావుడు" అని. ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట అబద్ధం. అసలు ఇల్లు పట్టించుకోకపోవడం గొప్ప గుణం ఎప్పుడైంది? అలాంటి మహానుభావుల ఇళ్లు ఎవరి వీపు మీద నడిచాయో ఎవరూ అడగరే?

పెదనాన్న నెల్లూరు జిల్లాలో ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు. సర్వీసులో ఎక్కువ భాగం ఏకోపాధ్యాయ బళ్లే. ఒకటి నుంచి ఐదు దాకా అందరూ ఒకే గదిలో, పాఠం చెప్పేది ఒక్కడే. జనాభా లెక్కలు, ఓటర్ల జాబితాలు, ఎన్నికల డ్యూటీలు దీనికి అదనం. అయినా సాయంత్రం పొయ్యి ముట్టించేది ఆయనే. పెద్దమ్మ పొలం నుంచి వచ్చేసరికి అన్నం వార్చి ఉండేది. ఊళ్లో నవ్వుకునేవాళ్లు. "తినడానికి లేని సిగ్గు వండటానికెందుకురా" అనేవాడు.

1990ల మొదట్లో జిల్లా అంతటా అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు రాత్రి బడికి పెద్దమ్మను కూడా తీసుకెళ్లాడు, చదువుకోవడానికి కాదు, చెప్పడానికి. ఐదో తరగతితో ఆగిపోయిన మనిషి, భయపడింది. రోజూ పొద్దున్నే ఆ రాత్రి పాఠం ఆమె చేత చెప్పించి, తను ఎదురుగా పలక పట్టుకుని కూర్చునేవాడు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కబురు తెలిశాక మా ఊరి ఆడవాళ్లూ లేచారు. సారా ప్యాకెట్లు తెచ్చే బండికి అడ్డంగా కూర్చున్న వాళ్లలో పెద్దమ్మ ఉంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చాక ఊళ్లో సభ పెట్టి ఆయనకు శాలువా కప్పబోయారు. "బండికి అడ్డం కూర్చున్నది నేను కాదు, ఆమెకు కప్పండి" అన్నాడు.

రిటైరయ్యాక కొన్నాళ్లకే పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. స్నానం, మందులు, అన్నం తినిపించడం, అన్నీ ఆయనే. జడ వేయడం మాత్రం మా అక్క దగ్గర నేర్చుకున్నాడు. సాయంత్రం వీధి పిల్లలు ఎక్కాలు అప్పజెప్పడానికి అరుగు మీదికి వచ్చేవాళ్లు. ఆయన లోపల ఆమెకు కాళ్లు పడుతూనే తప్పులు దిద్దేవాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ పొగడ్త ఆయనతో ఆగదు. రేపు పసిబిడ్డను ఇంట్లో వదిలి బడికొచ్చే ఓ టీచరమ్మ గంట కొట్టగానే ఇంటికి బయల్దేరితే "అంకితభావం లేదు" అంటారు. భార్యకు జ్వరమొచ్చినా వాకబు చేయని అయ్యవారికేమో ఉత్తముడని దండ వేస్తారు. మా పెదనాన్న పేరు చెప్పి ఆ పని చేయకండి.

పెద్దకర్మకు పంచే చిన్న పుస్తకంలో ఆయన పనిచేసిన ఊళ్లు, అందుకున్న సన్మానాలు వేస్తున్నారు. వంట సంగతి, రాత్రి బడి సంగతి, జడ సంగతి కూడా వేయాలని అన్నయ్యతో గట్టిగా చెప్పాను. "జడ సంగతి కూడానా" అన్నాడు. అది ముందు పేజీలోనే ఉండాలన్నాను.