చూపు అంటదు, తువ్వాలు అంటుతుంది

గాజువాక మావయ్య కళ్ళకలకతో మద్దిలపాలెంలో చెల్లెలింటికి దిగాడు. మర్యాదస్థుడు, నల్లద్దాలు పెట్టుకునే వచ్చాడు. ఇంట్లో నలుగురూ ఆయన మొహంకేసి చూడకుండా గోడలతో మాట్లాడారు. "అద్దాలున్నాయి కదా, మీకేటీ అవదర్రా" అని ధైర్యం చెప్పి, మొహం కడుక్కుని, దండెం మీద తువ్వాలుతో ఒత్తి ఒత్తి తుడుచుకున్నాడు. ఆ ఇంట్లో అందరి మొహాలకీ అదే తువ్వాలు.

గుట్టంతా 'అంటు' అన్న మాటలోనే ఉంది. అంటడమంటే తాకడం. ఇంగ్లీషు 'కంటేజియస్' కూడా లాటిన్‌లో తాకడమనే మాట నుంచే పుట్టింది. రెండు భాషలూ తాకొద్దని మొత్తుకుంటే మనం చూడొద్దని విన్నాం. చూస్తే అంటుకునేది ఆవలింత. డెంగ్యూ అయితే పక్కన కూర్చుని కబుర్లాడినా అంటదు, మధ్యలో దోమ ఉండాలి. కళ్ళకలక వైరస్‌కి వేలు చాలు: కన్నీరూ పుసీ చేతికి, చేతి నుంచి టీవీ రిమోట్‌కి, తలుపు గడియకి, అక్కణ్ణుంచి ఇంకొకరి వేలికి, కంటికి. పైగా విశాఖ ఉక్కపోత. నుదురు తుడిచిన చెయ్యి కళ్ళ మీదుగానే కిందికి దిగుతుంది. నల్లద్దాలు రోగికి వెలుతురు గుచ్చుకోకుండా కాస్తాయి, అంతే.

"అన్నియ్యా, ఈ చుక్కలేస్కో" అని చెల్లెలు ఎప్పటిదో సీసా తెచ్చింది. తెరిచి నెల దాటిన సీసా పారేయాల్సిందే. మావయ్య దాని మూతిని రెప్పకి ఆనించి మరీ వేసుకున్నాడు. అదే సీసా, ముందుజాగ్రత్తగా, పిల్లలిద్దరికీ! వైరస్‌తో వచ్చిన కలకకి యాంటీబయాటిక్ చుక్కలు పనిచెయ్యవు. డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ చుక్కలు వేస్తే కంటికే చేటు. ఆ ఇంటికి కావలసింది సీసా కాదు. మావయ్యకి విడిగా ఓ తువ్వాలు, రోజూ మార్చే తలగడ గలేబు, 20 సెకన్లు సబ్బుతో చేతులు కడగడం. ఈ వైరస్ మీద శానిటైజర్‌ని నమ్ముకోలేం.

వారం తిరిగేసరికి ఐదుగురూ ఐదు జతల నల్లద్దాలతో పెదవాల్తేరు కంటాసుపత్రికి ఆటో ఎక్కారు. డ్రైవరు అద్దంలో వాళ్ళని చూసి ఉలిక్కిపడి, అద్దాన్ని పైకి తిప్పేశాడు. దారంతా వెనక్కి చూస్తే ఒట్టు. దిగాక మావయ్య జోడు ఎత్తి కళ్ళొత్తుకుని, ఆ చేత్తోనే నోటిచ్చాడు.

బోణీ బేరం. డ్రైవరు నోటుని రెండు కళ్ళకీ అద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.